శనివారం గడి ఖాళీ: ఒక కోషర్ వంటింటి కేసు

ఏడు నెలల్లో ఆయన మూడుసార్లు ఆస్పత్రిలో చేరారు. మూడుసార్లూ ఆదివారమో సోమవారమో. ప్రతిసారీ ఒకటే కథ: కాళ్లవాపు, పడుకుంటే ఊపిరాడకపోవడం, నాలుగు రోజులు నరంలోకి మందు ఎక్కించి ఒంట్లో నీరు తీయడం, ఇంటికి పంపడం. ‘ఉప్పు తగ్గించాలి’ అని డిశ్చార్జ్ కాగితం మీద ప్రతిసారీ రాశారు. మూడోసారి దాని కింద ఇంకో మాట చేర్చారు: ‘పేషెంటు కోషర్ ఆహారం మాత్రమే తింటారు, తిండి వల్ల సమస్య ఉండకపోవచ్చు.’

కోషర్ అంటే యూదుల మత నియమాల ప్రకారం ఉండే తిండి. ఆ చివరి మాట వల్లే ఈ కేసు రాయాలనిపించింది. నేను న్యూజెర్సీలో గుండె జబ్బుల క్లినిక్‌లో డైటీషియన్‌ని. పుట్టి పెరిగింది తెనాలి దగ్గర. పేషెంటూ, ఆయన భార్యా ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

పేషెంటు

వయసు 67. లెక్కలు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదు కుటుంబం, ఆచారం గట్టిగా పాటిస్తారు. ఐదేళ్ల కిందట గుండెపోటు వచ్చింది. ఇప్పుడు గుండె పంపింగ్ 30 శాతం. క్రియాటినిన్ 1.5, అంటే కిడ్నీలు కూడా కొంచెం అలిసిపోయాయి. మందుల్లో ఈ కథకి అవసరమైనవి రెండు: ఒంట్లో నీరు లాగే ఫ్యూరోసెమైడ్, పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపేసే స్పైరోనోలాక్టోన్. నీరు లేనప్పటి బరువు 84 కిలోలు.

మొదటిసారి వచ్చినప్పుడు అలవాటు కొద్దీ చెయ్యి చాపాను. ఆయన తన చెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచారు. ఇలాంటి కుటుంబాల మగవాళ్లు పరాయి ఆడవాళ్లతో చెయ్యి కలపరు. తెలిసిన సంగతే, ఆ క్షణంలో గుర్తు రాలేదు. వెంటనే నమస్కారం పెట్టాను. ఇద్దరికీ ప్రాణం కుదుటపడింది.

లెక్కల మనిషి కదా, రోజూ బరువు రాసిన నోటుపుస్తకం తెచ్చారు. గళ్లు గీసి, తేదీలు వేసి, ముత్యాల్లాంటి అంకెలు. గుండె వైఫల్యం ఉన్నవాళ్లకి మేం చెప్పే సూత్రం ఒకటుంది: ఒక్క రోజులో కిలోన్నర, లేదా వారంలో రెండు కిలోల పైన బరువు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. వెంటనే ఫోన్ చెయ్యాలి. ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. పుస్తకం తిరగేస్తే కారణం కనిపించింది. ప్రతి వారం శనివారం గడి ఖాళీ. శుక్రవారం 84.2, ఆదివారం 86.1. మధ్యలో ఏమీ లేదు. రెండు రోజుల్లో పెరిగింది కదా, ఒక్క రోజులో కాదు కదా అని ఆయన లెక్క.

శనివారం ఎందుకు ఖాళీ అని అడిగితే, ఇదేం ప్రశ్న అన్నట్టు చూశారు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడి నక్షత్రాలు కనిపించేదాకా షబ్బాత్, యూదుల వారపు విశ్రాంతి దినం. కరెంటు వస్తువు ముట్టుకోకూడదు, పెన్ను పట్టి రాయకూడదు. ఇంట్లో ఉన్నదేమో బ్యాటరీతో నడిచే బరువు మిషన్.

వంటింట్లో

చాలామంది ‘కోషర్’ అంటే పంది మాంసం తినకపోవడం అనుకుంటారు. అది అందులో ఒక మూల మాత్రమే. గిట్ట చీలి, నెమరువేసే జంతువులనే తినాలి. చేపకి రెక్కలూ పొలుసులూ రెండూ ఉండాలి, కాబట్టి రొయ్య, పీత పనికిరావు. జంతువుని షోఖెత్ అనే శిక్షణ పొందిన కసాయి గంటు లేని కత్తితో కోయాలి. రక్తం తినకూడదు. పాలూ మాంసమూ కలవకూడదు. కలిపి వండకూడదు, తినకూడదు, ఒకే గిన్నె వాడకూడదు. మాంసం తిన్నాక పాలు ముట్టడానికి ఈ ఇంట్లో ఆరు గంటలు ఆగుతారు. జర్మనీ యూదుల్లో మూడు గంటలు, డచ్ వాళ్లలో ఒక గంట ఆచారం. మాంసం తిన్న మనిషి తననే ‘నేను ఫ్లేషిగ్’ అనుకుంటాడు, మనం చేతులు ఎంగిలయ్యాయి అన్నట్టు.

ఆయన భార్య నన్ను వంటింటికి పిలిచారు. రెండు సింకులు, రెండు జతల గిన్నెలు, రెండు రంగుల గుడ్డలు. మా అమ్మమ్మ మడి వంటిల్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎందుకో చెప్పాను. ఆవిడకి అది ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత అరగంట నేనే ప్రశ్నలకి జవాబులు చెప్పాల్సి వచ్చింది. మీ దేశంలో యూదులున్నారా అని పెద్దాయన అడిగారు. తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ వాళ్లు మా ఊరికి దగ్గర్లోనే ఉన్నారని, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో వాళ్లకి సినగాగ్, అంటే ప్రార్థనా మందిరం, ఉందని చెప్పాను. ఆయన ఆ పేరు రెండుసార్లు పలికించుకుని నోటుపుస్తకం చివర రాసుకున్నారు.

ఇక ఉప్పు. మాంసంలో రక్తం పోవాలి కాబట్టి అరగంట నీళ్లలో నానబెడతారు, రాళ్లుప్పు పట్టించి ఒక గంట వాలుబల్ల మీద ఉంచుతారు, మూడుసార్లు కడుగుతారు. అమెరికాలో దుకాణాల్లో ‘కోషర్ సాల్ట్’ పేరుతో దొరికే పెద్ద పలుకుల ఉప్పుకి ఆ పేరు వచ్చింది ఈ పని వల్లే. ఇప్పుడు ఈ పనంతా మాంసం దుకాణంలోనే అయిపోతుంది. ఇంట్లోవాళ్లకి ఉప్పు కనపడదు కాబట్టి ఉప్పు వేసినట్టే లెక్కలోకి రాదు. వాళ్ల ఫ్రీజర్‌లో కోడి ప్యాకెట్ తిప్పి చూశాను: నాలుగు ఔన్సులకి 270 మిల్లీగ్రాముల సోడియం. ఉప్పు పట్టించని కోడిలో సుమారు 80 ఉంటుంది.

దొంగ దొరికాడు అనుకున్నాను. తొందరపడ్డాను.

ఆవిడతో కూర్చుని శుక్రవారం రాత్రి నుంచి శనివారం రాత్రి వరకు ఆయన నోట్లోకి వెళ్లే ప్రతిదీ లెక్క వేశాం. శుక్రవారం రాత్రి: పొడి వేసి కాచిన చికెన్ సూప్‌లో సోడియం 950 మిల్లీగ్రాములు, గెఫిల్టె ఫిష్ అనే చేప ముద్ద రెండు ముక్కలు 450, హల్లా రొట్టె రెండు ముక్కలు 350, కోడి 500, బంగాళాదుంప కూగెల్ 350, ఉప్పునీళ్ల దోసకాయ 500. మొత్తం 3,100. మర్నాడు ప్రార్థన తర్వాత సినగాగ్‌లో ఊరవేసిన హెర్రింగ్ చేప 500, బిస్కెట్లు 150. మధ్యాహ్నం, ముందు రోజు నుంచీ సన్నసెగ మీద ఉడికే చోలెంట్ అనే మాంసం కూర 900, హల్లా 350, చల్లటి మాంసం ముక్కలు 600. సాయంత్రం మూడో భోజనంలో ట్యూనా, రొట్టె 600. ఇంకో 3,100. అంటే ఒక్క షబ్బాత్‌కి 6,200. రోజుకి 2,000 దాటొద్దని మేం చెప్పిన మనిషికి.

ఈ 6,200లో మతం చెప్పిన ఉప్పు ఎంత? మాంసానికి పట్టించిన ఉప్పు వల్ల వచ్చింది కోడిలో 300, చోలెంట్‌లో మాంసం వల్ల ఇంకో 250. మొత్తం 550. వందలో తొమ్మిది పాళ్లు. మిగతాదంతా సూప్ పొడి, ఊరగాయ, హెర్రింగ్, ప్యాకెట్ మాంసం. ఏ శాస్త్రమూ వాటిని తినమనలేదు. పోలండ్ నుంచి ఓడెక్కి వచ్చిన రుచులు కొన్ని, అమెరికా సూపర్ మార్కెట్‌లో దొరికిన సుఖాలు కొన్ని.

ఇంకో సంగతి నేను బయల్దేరేటప్పుడు పెద్దాయన గుమ్మం దగ్గర చెప్పారు. పేషెంట్లు అసలు మాట ఎప్పుడూ గుమ్మం దగ్గరే చెబుతారు. శనివారం పొద్దున సినగాగ్‌లో మూడు గంటలు కూర్చోవాలి, ఫ్యూరోసెమైడ్ వేసుకుంటే పది నిమిషాలకోసారి లేవాలి. అందుకని ఆ రోజు మాత్ర మానేస్తున్నారు. ఎన్నాళ్ల నుంచి? ‘మొదటి నుంచీ.’ ఎవరికీ ఎందుకు చెప్పలేదు? ఎవరూ అడగలేదు.

ఆరోగ్యం కోసమే పెట్టారా?

రెండో విజిట్‌కి వాళ్లబ్బాయి ఒక ప్రింటవుట్ తెచ్చాడు. డేవిడ్ మాఖ్త్ అనే బాల్టిమోర్ ఫార్మకాలజిస్టు 1953లో ప్రచురించిన పరిశోధన. రకరకాల జంతువుల కండ నుంచి రసం తీసి, అందులో లూపిన్ మొలకలు పెంచి, వేళ్లు ఎంత పెరిగాయో కొలిచాడాయన. యూదుల ధర్మగ్రంథం తోరా నిషేధించిన జంతువుల రసంలో మొలకలు తక్కువ పెరిగాయి కాబట్టి వాటి మాంసం విషపూరితం అని తేల్చాడు. ‘కోషర్ తిండి ఆరోగ్యం అని సైన్సే ఒప్పుకుంది కదా?’ అన్నాడు అబ్బాయి. మొలక వేరుకి పడనిది మనిషి పేగుకి పడదని అందులో ఎక్కడా రుజువు లేదు, ఆ లెక్కని పోషకాహార శాస్త్రం పట్టించుకోలేదు అని చెప్పాను. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ‘మన పూర్వీకులకి అన్నీ తెలుసు’ మెసేజ్‌లకి ఇది అన్నయ్య.

ఈ వాదన పాతదే. 12వ శతాబ్దంలో ఈజిప్టులో సలాదీన్ ఆస్థానంతో సంబంధమున్న వైద్యుడూ యూదు పండితుడూ అయిన మైమోనిడీస్, నిషిద్ధ ఆహారాలు ఒంటికి మంచివి కావని, పంది మురికిదని రాశాడు. 15వ శతాబ్దంలో పుట్టిన అబర్బనెల్ అనే పండితుడు దాన్ని గట్టిగా ఖండించాడు. అలాగైతే తోరా ఒక చిన్న వైద్య పుస్తకం స్థాయికి దిగిపోతుంది, పైగా పంది తినే జనాలు మన కళ్లముందే ఆరోగ్యంగా ఉన్నారు కదా అన్నాడు. పంది మాంసంలో ఉండే ట్రైకినెల్లా పురుగుని లండన్‌లో జేమ్స్ పేజెట్ అనే వైద్య విద్యార్థి చూసింది 1835లో. దానివల్ల మనుషులు జబ్బుపడతారని జర్మనీలో జెంకర్ తేల్చింది 1860లో. దాని తర్వాత ‘చూశారా’ అన్నవాళ్లు బయల్దేరారు. ఆవులోనూ బద్దెపురుగు ఉంటుంది, మేకపాలలోనూ బ్రూసెల్లా బాక్టీరియా ఉంటుంది, వాటిని నిషేధించలేదు కదా అంటే జవాబు లేదు.

నాకు మా ఆవకాయ జాడీ గుర్తొస్తుంది. తడిచెయ్యి పెట్టకూడదు అనేవాళ్లు. అది నిజంగానే పచ్చడి బూజుపట్టకుండా. బయట చేరిన ఆడవాళ్లు ముట్టకూడదు అనేవాళ్లు. దానికీ బాక్టీరియాకీ సంబంధం లేదు. రెండూ ఒకే గొంతుతో చెప్పేవాళ్లు, అందుకే మనకి తేడా తెలియదు. యూదులు ఈ తేడా రాసిపెట్టుకున్నారు. పంది ఎందుకు వద్దు అంటే కారణం అడగని శాసనం. చేపా మాంసమూ కలిపి ఎందుకు తినకూడదు అంటే మాత్రం యూదు న్యాయగ్రంథాలు సూటిగా ‘ప్రమాదం’ అంటాయి. అది ఆరోగ్య నియమం. ఇవాళ్టి వైద్యానికి అందులో ప్రమాదమేమీ కనపడదు, అది వేరే సంగతి.

నియమాలు పాటించినంత మాత్రాన ఒంటికి ఏమీ కాదని కూడా కాదు. పాలూ మాంసమూ విడదీయడం వల్ల మాంసం భోజనం తర్వాత తినే కేకులకి వెన్న పనికిరాదు, మార్జరీన్ కావాలి. అమెరికాలో 2018లో ఆ రకం గట్టిపరిచిన నూనెలు ఆపేదాకా అందులో గుండెకి హాని చేసే ట్రాన్స్ ఫ్యాట్ దండిగా ఉండేది. 2001లో బ్రూక్లిన్‌లోని అతి సంప్రదాయ యూదు కుటుంబాల టీనేజి పిల్లల వెన్నెముక ఎముకలు బలహీనంగా ఉన్నాయని పిల్లల వైద్యుల పత్రికలో వచ్చింది. పాలు తక్కువ, ఎండా ఆటలూ తక్కువ. మరోవైపు, కోసిన జంతువు ఊపిరితిత్తుల్ని చేత్తో తడిమి అతుకులున్నాయేమో చూసే పద్ధతి, మాంసం తనిఖీ శాఖలు పుట్టకముందు నుంచీ ఉంది. లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ‘కోషర్’ అన్న ముద్ర చూసి ఉప్పు లెక్క మానేయడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. మా డిశ్చార్జ్ కాగితం చేసింది అదే.

రబ్బీతో ఫోన్

పేషెంటు అనుమతితో వాళ్ల రబ్బీకి ఫోన్ చేశాను. మతపెద్దతో ఉప్పు గురించి ఏం మాట్లాడాలి అని కొంచెం టెన్షన్. ఆయన మొదటి ప్రశ్న: ‘ఎన్ని మిల్లీగ్రాములు? ఏ పదార్థంలో ఎంత?’ నా లెక్క చదివాను. మధ్యలో ఆపి సూప్ పొడి దగ్గర నవ్వారు. ‘అది మా శాస్త్రం కాదమ్మా, మా ఆవిడ కూడా వేస్తుంది.’

తర్వాత ఒక్కోటీ తీసుకున్నారు. నిప్పు మీద నేరుగా కాల్చే మాంసానికి గంటసేపు ఉప్పులో పెట్టాల్సిన పని లేదు, సెగే రక్తాన్ని లాగేస్తుంది. కాలేయాన్ని ఎప్పుడూ అలాగే చేస్తారు. దుకాణదారుకి ముందే చెప్పి ఉప్పు పట్టించని మాంసం తెప్పించుకుని ఇంట్లో కాల్చుకోవచ్చు. ఉప్పు పట్టించిన కోడినైతే, కడగడం అయ్యాక గంట సేపు మంచినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోసినా తప్పు లేదు. ప్రతి భోజనానికీ రొట్టె ఉండాలి, కానీ ఇంట్లో చేసే హల్లాలో ఉప్పు సగం తగ్గించొచ్చు. రొట్టె ముక్కని ఉప్పులో అద్దే ఆచారం ఉంది, ఒక పలుకు తగిలితే చాలు.

బరువు సంగతి నేనే ఎత్తాను. వైద్యం కోసమైతే షబ్బాత్ రోజు తూచుకోవచ్చు, కాకపోతే కరెంటుదీ బ్యాటరీదీ కాకుండా ముల్లు తిరిగే పాతకాలపు మిషన్ కొనుక్కోమన్నారు. మరి రాయడం? ముందురోజే అంకెలు వేసిన అట్టముక్క పెట్టుకుని, వచ్చిన అంకె దగ్గర బట్టల క్లిప్పు పెట్టమన్నారు. చీకటిపడ్డాక పుస్తకంలోకి ఎక్కించుకుంటాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను ఇంత చక్కటి కొలత పద్ధతి కనిపెట్టలేదు.

మాత్ర గురించి మా కార్డియాలజిస్టు చూసుకున్నారు. శనివారం సినగాగ్ నుంచి ఇంటికొచ్చాక, ఒంటిగంటకి వేసుకోవాలి. వేళ మారినా ఫర్వాలేదు, మానడం మాత్రం కుదరదు.

నా తప్పు

మూడు వారాలకి బరువు దారికొచ్చింది. రక్త పరీక్ష మాత్రం గుండె ఆగేలా చేసింది. పొటాషియం 5.8. స్పైరోనోలాక్టోన్ మీద ఉన్న, కిడ్నీలు అంతంతమాత్రంగా ఉన్న మనిషికి అది గుండె లయ తప్పించే అంకె. ఆ రోజే ఈసీజీ తీయించాం, అది బాగానే ఉంది. స్పైరోనోలాక్టోన్ ఆపాం.

ఆవిడకి ఫోన్ చేసి ఏం మారిందని అడిగాను. సంతోషంగా చెప్పారు: ‘మీరు ఉప్పు మానమన్నారుగా, సోడియం లేని ఉప్పు దొరికింది. కోషర్ ముద్ర కూడా ఉంది.’ అది పొటాషియం క్లోరైడ్. సూప్‌లో, చోలెంట్‌లో, కూగెల్‌లో, ధారాళంగా.

ఆవిడ ముద్ర చూసి నమ్మారు. ఆస్పత్రి వాళ్లు కోషర్ అన్న మాట చూసి నమ్మినట్టే. కానీ ఈ కేసులో తప్పు ఆవిడది కాదు, నాది. ఏది తీసేయాలో గంటసేపు చెప్పాను, దాని బదులు ఏం వేస్తారని ఒక్కసారి అడగలేదు. ఉప్పు బదులు పొడులు వాడొద్దని మా క్లినిక్ కరపత్రంలో ఉంది, ఏడో పేజీలో. ఇప్పుడు నేను ఆ మాట మొదటి విజిట్‌లో నోటితో చెబుతున్నాను, ఎదుటివాళ్ల చేత తిరిగి చెప్పించుకుంటున్నాను. వారానికి పొటాషియం 4.8కి దిగింది. తక్కువ డోసులో స్పైరోనోలాక్టోన్ మళ్లీ మొదలుపెట్టారు. ఆవిడ సూప్‌లోకి సెలరీ, డిల్ ఆకు (సోయికూర), మిరియాలు, నిమ్మరసం వచ్చాయి. మొదటి శుక్రవారం ఎవరికీ నచ్చలేదు. నాలుగో శుక్రవారానికి ఎవరూ ఏమీ అనలేదు.

పండగలు

ఏప్రిల్‌లో పాస్ఓవర్. ఎనిమిది రోజులు పులిసిన రొట్టె ఉండదు, అష్కెనాజీలకి బియ్యం, పప్పులు కూడా ఉండవు. దాని బదులు తినే మాట్సా రొట్టె అంటే పిండీ నీళ్లూ మాత్రమే, మామూలు మాట్సాలో ఉప్పు వెయ్యరు. ‘మాట్సా తినండి’ అని చెప్పిన మొదటి డైటీషియన్‌ని నేనేనట. అయితే బియ్యం, పప్పు లేని ఇంట్లో అన్నిటికీ బంగాళాదుంపే గతి, అందులో పొటాషియం. చెక్కు తీసి, చిన్న ముక్కలు చేసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయమన్నాను. పండగ భోజనంలో తాగాల్సిన నాలుగు గ్లాసుల ద్రాక్షరసం ఆ రోజు తాగే నీళ్ల లెక్కలోకే చేర్చాం.

యోమ్ కిప్పూర్ కష్టమైంది. 25 గంటలు నీళ్లు కూడా ముట్టని ఉపవాసం. పదమూడో ఏటి నుంచి ఆయన ఒక్కసారీ మానలేదు. ప్రాణానికి ముప్పు ఉంటే ఉపవాసం మానడమే శాస్త్రం, దాన్ని పికువఖ్ నెఫెష్ అంటారు. ఆ ముప్పు ఉందని కార్డియాలజిస్టు రాతపూర్వకంగా ఇచ్చాకే రబ్బీ తన మాట చెప్పారు: తొమ్మిది నిమిషాలకోసారి 30 మిల్లీలీటర్లకి మించకుండా నీళ్లో మెత్తటి తిండో, మందులు ఎప్పటిలాగే. కొంచెం కొంచెంగా తీసుకుంటే ఉపవాసం పూర్తిగా విడిచినట్టు కాదు. పెద్దాయన వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని ఆవిడ చెప్పారు. ఆ రోజు మాత్రం మందు కొలిచే చిన్న గ్లాసు, గోడ గడియారం పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారట. లెక్క తప్పలేదట.

పోయిన నెల పన్నెండో నెల విజిట్. ఈ ఏడాదిలో నీరు చేరి ఆస్పత్రికి వెళ్లడం జరగలేదు. షబ్బాత్ సోడియం 6,200 నుంచి సుమారు 2,700కి వచ్చింది, రెండు రోజుల మీద పంచుకుంటే మా గీత లోపలే. నోటుపుస్తకం తెచ్చారు. శనివారం గళ్లు నిండి ఉన్నాయి, అన్నీ వేరే రంగు సిరాతో. రాత్రి పూట రాసేది వంటింటి పెన్నుతోనట. చివరి శనివారం 84.4. పక్కన చిన్న అక్షరాలతో ‘హెర్రింగ్, ఒక ముక్క’ అని రాశారు. ఆదివారం 84.6.